సిస్టర్స్ ఆఫ్ మెర్సీ రికార్డులు: డ్రమ్ముల పెట్టె దగ్గర మొదలుపెట్టండి

సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్‌ను కొత్తగా వినేవాళ్ళు ఎక్కువగా 1987 నాటి ‘ఫ్లడ్‌ల్యాండ్’ ఆల్బమ్‌తో మొదలుపెడతారు. పెద్ద కోరస్, పెద్ద స్టూడియో, పెద్ద ఖర్చు. ఆ తర్వాత 1982 నాటి సింగిల్స్‌కి వెనక్కి వెళ్తే అవి బక్కగా, డబ్బా మోతలా వినిపిస్తాయి. రెండు పాటలు విని వదిలేస్తారు. దీన్ని తిరగేసి చేయాలి. ఈ బ్యాండ్‌లో తొలినాళ్ళ నుంచి ఇప్పటిదాకా ఉన్న సభ్యులు ఇద్దరే. ఒకరు గాయకుడు ఆండ్రూ ఎల్డ్రిచ్. రెండోది ‘డాక్టర్ అవలాంచ్’ అని పేరు పెట్టుకున్న డ్రమ్ మెషీన్, అంటే డ్రమ్మర్ బదులు దెబ్బలు వాయించే యంత్రం. గిటార్, బేస్ వాయించినవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. డాక్టర్ మాత్రం ఉద్యోగం వదల్లేదు, ఒంట్లో యంత్రాలు మార్చుకున్నాడంతే. ఆ యంత్రం మారిన ప్రతిసారీ పాటల తీరూ మారింది. ఈ ఒక్క దారం పట్టుకుంటే చెల్లాచెదురుగా ఉన్న రికార్డులన్నీ ఒక వరసలో పడతాయి.

బ్యాండ్ పుట్టింది ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో, 1980లో. ఎల్డ్రిచ్, గిటారిస్ట్ గ్యారీ మార్క్స్ కలిసి పెట్టారు. పేరు కెనడా గాయకుడు లెనర్డ్ కోహెన్ పాట నుంచి తీసుకున్నారు. రేడియోలో తమ పాట తాము వినాలన్నదే మొదట్లో వాళ్ళకున్న కోరిక. ‘మెర్సిఫుల్ రిలీజ్’ అని సొంత లేబుల్ పేరు పెట్టుకుని ‘ద డ్యామేజ్ డన్’ అనే సింగిల్‌ను వెయ్యి కాపీలు వేయించారు. అందులో డ్రమ్స్ యంత్రంవి కావు, ఎల్డ్రిచ్ చేత్తో వాయించినవి. వింటే ఎక్కడెక్కడ తడబడ్డాడో తెలుస్తూనే ఉంటుంది. తర్వాత ఆయన కర్రలు పక్కన పెట్టేశాడు, పెట్టె వచ్చింది.

ఆ మొదటి పెట్టె ‘బాస్’ అనే కంపెనీ తీసిన డీఆర్-55. అరచేతికి కాస్త పెద్దది, బ్యాటరీలతో నడుస్తుంది. అందులో ఉన్నవి నాలుగే శబ్దాలు: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (చురుగ్గా పేలే చిన్న డ్రమ్), రిమ్‌షాట్ (డ్రమ్ అంచు మీద దెబ్బ), హై-హ్యాట్ (జంట తాళం). ఒక ప్యాటర్న్‌కు 16 గడులు, లేదా 12. ప్రోగ్రామ్ చేయడం ఇలా: ఒక శబ్దం ఎంచుకుని, స్టార్ట్ మీట నొక్కితే ఆ గడిలో దెబ్బ పడుతుంది, స్టాప్ నొక్కితే గడి ఖాళీగా ఉండిపోతుంది. పదహారుసార్లు నొక్కితే ఒక శబ్దం పూర్తవుతుంది, తర్వాత రెండోది. హై-హ్యాట్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. ప్యాటర్న్‌కు ఎనిమిది దెబ్బలా, పదహారా, అసలు వద్దా అని ఒక స్విచ్ ఉంటుంది, అంతే. టామ్స్ (గుమ్మని మోగే మిగతా డ్రమ్ములు) లేవు, సింబల్ (పెద్ద తాళం) లేదు. కాబట్టి చరణం అయి పల్లవిలోకి దూకేటప్పుడు మామూలు డ్రమ్మర్ చేసే హడావుడి ఏదీ ఇది చేయలేదు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. దానికి బయటికి వచ్చే తీగ ఒక్కటే. నాలుగు శబ్దాలూ కలిసిపోయి ఒకే తీగలో వస్తాయి. స్నేర్‌కి మాత్రమే ప్రతిధ్వని కావాలంటే కుదరదు, వేస్తే కిక్‌కీ పడుతుంది, హై-హ్యాట్‌కీ పడుతుంది. ఇలాంటి పెట్టెతో పనిచేసే బ్యాండ్‌కు రెండే దారులు: డ్రమ్స్‌ను పొడిగా ఉంచడం, లేకపోతే మొత్తాన్నీ ఒకే గుహలోకి తోసేయడం. పాటలో మలుపులు చూపించే బాధ్యత ఇక గిటార్ల మీద, బేస్ మీద పడుతుంది. సంగీతం నేర్చుకునే ఇంట్లో శ్రుతి పెట్టె మోగుతూ ఉంటే దాని మీద మనిషే అంతా చేయాల్సి వచ్చినట్టు, ఇక్కడ ఆ పెట్టె మీద మిగతావాళ్ళు అంతా చేయాలి.

బేస్ బాధ్యత క్రేగ్ ఆడమ్స్‌ది. ఆయన బేస్‌కు ఫజ్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) తగిలించి, పిక్‌తో (తీగ మీటే బిళ్ళతో) ఎనిమిదేసి దెబ్బలు కొడుతూ పోతాడు. ఇది రుచి కోసమే కాదు, భౌతికంగానూ పనికొచ్చే ఏర్పాటు. బేస్ గిటార్ అడుగు తీగ మూలస్వరం సుమారు 41 హెర్ట్జ్. చిన్న రేడియో స్పీకర్‌కు అది పలకదు. ఫజ్ వేస్తే ఆ స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల దగ్గర కొత్త హార్మోనిక్స్ పుడతాయి. అసలు స్వరం వినబడకపోయినా వాటిని బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. పెట్టెలోని కిక్ బలహీనంగా ఉన్న చోట ఈ గరగర బేసే కిక్ పని కూడా చేస్తుంది. ఇప్పటికీ ఫోన్ స్పీకర్‌లో ఈ తొలి సింగిల్స్ ఎంతోకొంత నిలబడుతున్నాయంటే కారణం అదే. ‘ఫ్లడ్‌ల్యాండ్’ మాత్రం ఫోన్ స్పీకర్‌లో సగం చచ్చిపోతుంది. దాన్ని హెడ్‌ఫోన్స్‌లోనే వినండి.

డీఆర్-55 ఎక్కువ కాలం నిలవలేదు. దాని తర్వాత రోలండ్ టీఆర్-606, టీఆర్-808 వచ్చాయి. 606లో రెండు టామ్స్, ఒక సింబల్, తెరిచిన హై-హ్యాట్ చేరాయి. 808లో శబ్దాలు ఇంకా ఎక్కువ, పైగా ఒక్కో శబ్దానికీ విడి తీగ ఉంది. అంటే మిక్సింగ్‌లో స్నేర్‌ను కిక్ నుంచి వేరుచేసి పట్టుకోవచ్చు. 1982 నుంచి 1983 దాకా వచ్చిన రికార్డులను కాలక్రమంలో వింటే డ్రమ్స్‌కు గది ఏర్పడుతూ రావడం చెవికి తెలుస్తుంది.

కాలక్రమంలో వినడానికే ఒక అడ్డంకి ఉంది. ఆ తొలి రికార్డులన్నీ 1992లో ‘సమ్ గర్ల్స్ వాండర్ బై మిస్టేక్’ అనే సంకలనంలో 19 ట్రాక్‌లుగా వచ్చాయి. ఆ పేరు కూడా కోహెన్ పాటలోని పంక్తే. స్ట్రీమింగ్‌లోనూ ఎక్కువగా దొరికేది ఇదే. కానీ వరస కాలాన్ని బట్టి లేదు. బాగా పేలే పాటలు ముందు పెట్టి, పాతవి చివరికి తోశారు. కాబట్టి ప్లేలిస్ట్ ఇలా మార్చుకోండి. మొదట 14, 15, 16: ఇవి 1980 సింగిల్. పదహారోది నిమిషం కూడా ఉండని ముక్క, అది చూసి ఫైల్ తెగిపోయిందనుకోవద్దు. తర్వాత 17, 18: సీఎన్‌టీ లేబుల్ మీద 1982లో వచ్చిన ‘బాడీ ఎలక్ట్రిక్’, ‘అడ్రినోక్రోమ్’. ఆపైన 1, 2: అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ‘ఆలిస్’, ‘ఫ్లోర్‌షో’. తర్వాత 19, 3: 1983 మార్చిలో వచ్చిన ‘అనకొండ’, దాని వెనకవైపున్న ‘ఫాంటమ్’. నాలుగో ట్రాక్, స్టూజెస్ అనే అమెరికన్ బ్యాండ్ పాటను వీళ్ళు మళ్ళీ పాడిన కవర్. ఆ తర్వాత 5 నుంచి 10 వరకు ‘ద రెప్టైల్ హౌస్’ ఈపీ (సింగిల్‌కు పెద్దది, ఆల్బమ్‌కు చిన్నది). దీన్ని ముక్కలు చేయకండి. చివరికి 11, 12, 13: ‘టెంపుల్ ఆఫ్ లవ్’, ‘హార్ట్‌ల్యాండ్’, రోలింగ్ స్టోన్స్ కవర్.

ఈ వరసలో వింటే 18 నుంచి 1కి దాటే చోట పెద్ద మెట్టు ఉందని వెంటనే తెలుస్తుంది. ‘ఆలిస్’కు సైకెడెలిక్ ఫర్స్ గిటారిస్ట్ జాన్ ఆష్టన్ నిర్మాత. తొలి సింగిల్స్‌లో గిటార్, డ్రమ్ పెట్టె, గొంతు మూడూ ఒకే చోటు కోసం తోసుకుంటాయి. ‘ఆలిస్’లో ఎవరి చోటు వాళ్ళకుంది: గిటార్ స్వరం పైన ఒంటరిగా, బేస్ కింద, మధ్యలో గొంతు. అప్పటికి రెండో గిటార్ బెన్ గన్‌ది. యార్క్‌షైర్ తీరంలోని బ్రిడ్లింగ్‌టన్ పట్టణంలో ఒక చిన్న స్టూడియో వీళ్ళ తొలి రికార్డింగ్‌లకు ఆధారం. అక్కడ ట్రాకులు తక్కువ కాబట్టి ప్రతి పొరకూ ఒక కారణం ఉండాలి. ఆ పొదుపు ఈ పాటలకు మేలే చేసింది.

‘రెప్టైల్ హౌస్’ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో ఈ బ్యాండ్ చేసిన గట్టి పని ఇదే. 1983 మేలో వచ్చింది. అప్పటిదాకా డ్యాన్స్ ఫ్లోర్‌కు సరిపడే వేగం, ఇందులో హఠాత్తుగా నత్తనడక. వేగం తగ్గిస్తే యంత్రపు డ్రమ్స్‌కు కష్టమెక్కువ. మనిషి డ్రమ్మర్ నెమ్మదిగా వాయించేటప్పుడు ప్రతి దెబ్బలో చిన్న తేడా ఉంటుంది, ఆ తేడాలే దెబ్బల మధ్య ఖాళీని నింపుతాయి. యంత్రానికి ఆ తేడా లేదు, ఖాళీ ఖాళీగానే మిగులుతుంది. ఇక్కడ వాళ్ళు ఆ ఖాళీని దాచడానికి ప్రయత్నించలేదు. ‘కిస్ ద కార్పెట్’లో గిటార్లు చాలాసేపు తిరుగుతూ ఉండి, గొంతు ఆలస్యంగా వస్తుంది. ‘లైట్స్’, ‘వాలెంటైన్’, ‘ఫిక్స్’, ‘బర్న్’ ఒకదాని వెనక ఒకటి అదే మబ్బులో సాగుతాయి. చివర్లో ‘కిస్ ద కార్పెట్’ ముక్క మళ్ళీ వచ్చి వలయం మూసుకుంటుంది. షఫుల్‌లో పెట్టి వినేవాళ్ళకు ఆ చివరి ముక్క అర్థంపర్థం లేనిదిగా తగులుతుంది. ఈ ఆరు ట్రాకులకు షఫుల్ ఆపేయండి.

ఇలాంటి ధ్వనిని ఇంట్లో కంప్యూటర్ మీద కట్టి చూడాలనుకునేవాళ్ళకు కొన్ని కొలతలు. ఉచితంగా దొరికే ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. నాలుగే శబ్దాలు పెట్టుకోండి. 16 గడుల ప్యాటర్న్‌లో స్నేర్ 5, 13లో. కిక్ 1, 7, 9లో. హై-హ్యాట్ బేసి గడులన్నిటిలో. రెండో ప్యాటర్న్‌లో కిక్‌ను 1, 3, 9, 11కి మార్చండి. పాట మొత్తం ఈ రెండింటితోనే నడపాలి. వేగం నిమిషానికి 140 బీట్లు అనుకుంటే ఒక్కో గడి సుమారు 107 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్‌లో స్వింగ్, హ్యూమనైజ్ అని కనిపించేవన్నీ సున్నాకు తెచ్చేయండి. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది: యంత్రంలా ఉందని భయపడి దానికి మనిషి తడబాటు కలుపుతారు. అప్పుడది యంత్రమూ కాదు, మనిషీ కాదు, ప్రాక్టీస్ చేయని డ్రమ్మర్‌లా ఉంటుంది.

డ్రమ్స్ నాలుగింటినీ ఒకే మోనో ట్రాక్‌లోకి దించి, దాని మొత్తానికీ ఒకే చిన్న రివర్బ్ (ప్రతిధ్వని) వేయండి. రివర్బ్ తోక ఒక బీట్ దాటకూడదు. 140 వేగంలో ఒక బీట్ 428 మిల్లీసెకన్లు కాబట్టి, అర సెకను రివర్బ్ కూడా ఎక్కువే. తోక పొడుగైతే ఒక స్నేర్ మీద ఇంకో కిక్ ఎక్కి మొత్తం బురద అవుతుంది. గోతిక్ (ఈ చీకటి తరహా రాక్) అనగానే ఐదు సెకన్ల గుడి ప్రతిధ్వని వేసేవాళ్ళు చేసే తప్పు ఇదే. ఈ రికార్డుల్లో ఆ చీకటి వచ్చేది ఎక్కువగా గిటార్ డిలే (వాయించిన స్వరాన్ని కాస్త ఆగి మళ్ళీ పలికించే ఎఫెక్ట్) నుంచి, గొంతు నుంచి.

బేస్‌కు రెండు ట్రాకులు పెట్టుకోండి. ఒకే వాయింపును రెండుగా చీల్చి, ఒకదాన్ని శుభ్రంగా ఉంచి 200 హెర్ట్జ్ పైన కోసేయండి. రెండోదానికి ఫజ్ వేసి 200 కింద కోసేయండి. ఒకే ట్రాక్ మీద ఫజ్ వేస్తే చాలా పెడల్స్‌లో అడుగు స్వరం పల్చబడిపోతుంది. ‘మెత్తగా అయిపోయింది’ అని ఇంకా వాల్యూమ్ పెంచుతారు, అప్పుడు గిటార్లు మునిగిపోతాయి. పిక్ దెబ్బలన్నీ కిందికే కొట్టాలి. పైకీ కిందికీ కొడితే బలం ఒకటి విడిచి ఒకటి మారి, యంత్రంతో పొసగదు.

గిటార్‌కు కోరస్ ఎఫెక్ట్ (ఒకే స్వరం జంటగా మోగినట్టు చేసేది), ఆ తర్వాత డిలే. డిలే కాలాన్ని చెవితో వెతకడం కంటే లెక్క వేయడం నయం: 60,000ను వేగంతో భాగిస్తే ఒక బీట్ మిల్లీసెకన్లలో వస్తుంది. 140కి 428. అందులో ముప్పాతిక, అంటే 321 పెడితే ఒక్కో స్వరం తర్వాతి స్వరానికి కాస్త ముందు పలుకుతూ, రెండు గిటార్లు ఉన్నట్టు అనిపిస్తుంది. తిరుగుళ్ళు రెండు లేదా మూడు చాలు. గ్యారీ మార్క్స్ తరహా వాయింపుకు పెద్ద తీగజతులు (కార్డ్స్) అక్కర్లేదు. ఒకటి రెండు తీగల మీద నాలుగైదు స్వరాలు, అదే మళ్ళీ మళ్ళీ.

గొంతు విషయంలో అందరూ పడే గుంట ఒకటుంది. లోతైన గొంతు కావాలని మైక్‌కు పెదాలు ఆనించి పాడతారు. కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైక్‌కు దగ్గరైన కొద్దీ కింది పౌనఃపున్యాలు పెరుగుతాయి, అది నిజమే. కానీ 200-300 హెర్ట్జ్ దగ్గర పోగయ్యే ఆ బరువు ఫజ్ బేస్‌తో, గిటార్ అడుగుతో కొట్లాడుతుంది. అరచేయి దూరం ఉంచండి, 80 కింద కోయండి, 250 దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. లోతు పోయినట్టనిపించినా, మిగతా వాయిద్యాలతో కలిపి వింటే మాటలు నిలబడతాయి. తొలి రికార్డుల్లో ఎల్డ్రిచ్ గొంతు మనం అనుకున్నంత లోతుగా ఉండదన్నదీ గమనించండి. ఆ పాతాళపు గొంతు తర్వాతి ఏళ్ళలో స్థిరపడింది.

1983 చివరికి బెన్ గన్ వెళ్ళిపోయాడు, వేన్ హస్సీ వచ్చాడు. పన్నెండు తీగల గిటార్ వచ్చింది. బ్యాండ్ డబ్ల్యూఈఏ అనే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. 1984 జూన్‌లో వచ్చిన ‘బాడీ అండ్ సోల్’ ఈపీ ఈ రెండు కాలాల మధ్య వంతెన. దాన్ని చాలామంది దాటవేయడానికి కారణం దొరకకపోవడమే: 1992 సంకలనం 1983తో ఆగిపోతుంది, తొలి ఆల్బమ్ 2006 సీడీలో అదనపు ట్రాకులుగా కూడా ఈ ఈపీ చేరలేదు. శీర్షిక పాట ఒక్కటి 1993 సంకలనం చివర్లో ఉంది. వెతికి పట్టుకోవాల్సిన అసలు కారణం, అందులో ‘బాడీ ఎలక్ట్రిక్’ను మళ్ళీ రికార్డ్ చేశారు. 1982 దాన్నీ దీన్నీ వెనకాముందూ పెట్టి వినండి. పాట అదే, డ్రమ్ పెట్టె వేరు, బడ్జెట్ వేరు. రెండేళ్ళలో ఏం మారిందో చెప్పడానికి ఇంతకంటే మంచి జత లేదు.

తొలి పూర్తి ఆల్బమ్ ‘ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్’ 1985 మార్చిలో వచ్చింది, బ్రిటన్ చార్టులో 14వ స్థానం దాకా వెళ్ళింది. నిర్మాత డేవ్ అలెన్. స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలోనూ, బెర్క్‌షైర్‌లో మార్టిన్ రషెంట్‌కు చెందిన జెనెటిక్ స్టూడియోలోనూ పని జరిగింది. డాక్టర్‌కు ఈసారి ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ ఒళ్ళు. పాత పెట్టెలు సర్క్యూట్‌తో శబ్దాన్ని పుట్టించేవి. ఇది అసలు డ్రమ్ దెబ్బల రికార్డింగ్‌ను చిప్పుల్లో దాచుకుని వాయిస్తుంది. శబ్దాలకు విడివిడి తీగలున్నాయి కూడా. ఫలితం ఆల్బమ్ మొదటి నిమిషంలోనే వినిపిస్తుంది: స్నేర్ పెద్ద హాల్లో పడ్డట్టు ఉంటుంది, కిక్ మాత్రం పొడిగా దగ్గరగా ఉంటుంది. డీఆర్-55తో ఇది అసాధ్యం.

రికార్డు రెండు వైపులూ రెండు మనుషుల్లా ఉంటాయి. మొదటి వైపు సంగీతం ఎక్కువగా హస్సీది: మెరిసే పన్నెండు తీగలు, స్పష్టమైన పల్లవులు, ‘బ్లాక్ ప్లానెట్’ నుంచి ‘మేరియన్’ దాకా. రెండో వైపు ఎక్కువగా మార్క్స్‌ది: ‘నైన్ వైల్ నైన్’, ఏడు నిమిషాలు దాటే ‘సమ్ కైండ్ ఆఫ్ స్ట్రేంజర్’. వైనిల్‌లో మధ్యలో రికార్డు తిప్పాల్సి వచ్చేది కాబట్టి ఆ తేడా సహజంగా కుదిరింది. స్ట్రీమింగ్‌లో పది పాటలూ ఏకధాటిగా పోతే ఆరో పాట దగ్గర ‘ఊపు తగ్గింది’ అనిపిస్తుంది. ఐదో పాట తర్వాత ఆపి టీ తాగి రండి. 2006 సీడీలో ‘సమ్ కైండ్ ఆఫ్ స్ట్రేంజర్’ తొలి రూపం కూడా ఉంది, అసలుతో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే మార్క్స్ వెళ్ళిపోయాడు. 1985 జూన్ 18న రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అయ్యాక హస్సీ, ఆడమ్స్ కూడా విడిపోయారు. వాళ్ళు ‘సిస్టర్‌హుడ్’ పేరుతో కొత్త బ్యాండ్ పెట్టబోతుంటే, ఎల్డ్రిచ్ అదే పేరు మీద ముందుగా 1986 జనవరిలో ‘గివింగ్ గ్రౌండ్’ సింగిల్ విడుదల చేసి పేరు లాక్కున్నాడు. వాళ్ళు ‘ద మిషన్’ అయ్యారు. అదే ఏడాది వచ్చిన సిస్టర్‌హుడ్ ఆల్బమ్ ‘గిఫ్ట్’ ఐదే ట్రాకులు. ప్రధాన గొంతు జేమ్స్ రేది. గొడవలో పుట్టిన రికార్డు కాబట్టి దీన్ని పక్కన పెట్టేస్తారు, కానీ ‘ఫ్లడ్‌ల్యాండ్’కు ఇది చిత్తు ప్రతి. మనుషుల గిటార్లు తీసేసి సీక్వెన్సర్ల (స్వరాలను వరసగా వాయించే యంత్రాల) మీద పాట కట్టడం ఇక్కడే మొదలైంది. ‘కలర్స్’ పాటను సిస్టర్‌హుడ్ రూపంలోనూ, తర్వాత ‘ఫ్లడ్‌ల్యాండ్’ సీడీలో ఎల్డ్రిచ్ గొంతుతోనూ వినండి.

1987 నవంబర్‌లో వచ్చిన ‘ఫ్లడ్‌ల్యాండ్’ ఎల్డ్రిచ్ ఒక్కడి తలలోంచి వచ్చిన రికార్డు. కవర్ మీద పక్కనున్నది బేసిస్ట్ పాట్రీషియా మోరిసన్. రికార్డులో ఆమె పాత్ర ఎంత అన్నది వాళ్ళిద్దరి మధ్య తగవు, దాన్ని మనం తేల్చక్కర్లేదు. ‘దిస్ కరోజన్’, ‘డొమినియన్’ పాటలకు నిర్మాణంలో జిమ్ స్టీన్‌మన్ చేయి పడింది. న్యూయార్క్ కోరల్ సొసైటీ గాయకులు ‘దిస్ కరోజన్’ మొదట్లోనే గోడలా లేస్తారు. బ్రిటన్‌లో ఆ పాట 7వ స్థానానికి చేరింది. ఇంత ఆడంబరం కింద డ్రమ్స్‌ను మాత్రమే పట్టుకుని వినండి: 16 గడుల లెక్క అదే, గడి తప్పడం లేదు, అనవసరపు హంగు లేదు. కోరస్ ఎంత ఎగిరినా నేల కదలదు. ఆడంబరం వెటకారంగా మారకుండా కాపాడింది ఆ మొండితనమే.

‘దిస్ కరోజన్’ విషయంలో ఒక చిక్కు: సీడీలో అది దాదాపు 11 నిమిషాలు, వైనిల్‌లో కొంత కత్తిరించారు, సింగిల్ అయితే సగం కూడా లేదు. స్ట్రీమింగ్ సంకలనాల్లో ఏది తగిలిందో నిడివి చూసి తెలుసుకోండి. సింగిల్ కత్తిరింపుతో ఈ పాటను అంచనా వేయడం అన్యాయం. అదే ఆల్బమ్‌లో ‘1959’ కేవలం పియానో, గొంతు. డాక్టర్‌కు ఆ పాటకు సెలవు. ‘లుక్రీషియా మై రిఫ్లెక్షన్’ బేస్ ఒక్కదాని మీద నిలబడుతుంది. ‘డ్రివెన్ లైక్ ద స్నో’ విన్నాక పాత ఆల్బమ్‌లోని ‘నైన్ వైల్ నైన్’ పెట్టండి, చుట్టరికం దాగదు. ‘నెవర్ ల్యాండ్’ ఒరిజినల్‌లో ఒక ముక్కే. పూర్తి రూపం 2006 సీడీలో ఉంది, పన్నెండు నిమిషాలకు దగ్గరగా.

‘విజన్ థింగ్’ 1990 అక్టోబర్. ఆండ్రియాస్ బ్రూన్ గిటార్, టోనీ జేమ్స్ బేస్. ఎనిమిది పాటలు, హార్డ్ రాక్ గిటార్లు, అమెరికా మీద కోపం. ‘మోర్’లో మళ్ళీ స్టీన్‌మన్. నాకు ‘రిబన్స్’, ‘సమ్‌థింగ్ ఫాస్ట్’ చాలు, మిగతావాటిలో గిటార్లు డాక్టర్ చోటు కూడా ఆక్రమించేశాయి. ఇదే ఇప్పటిదాకా వాళ్ళ ఆఖరి స్టూడియో ఆల్బమ్.

1992లో ‘టెంపుల్ ఆఫ్ లవ్’ను ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హాజా గొంతుతో మళ్ళీ చేశారు. బ్రిటన్‌లో 3వ స్థానం, వాళ్ళ అతిపెద్ద హిట్. ఎక్కువమందికి తెలిసింది ఇదే. 1983 దాన్ని దీనితో జతగా వింటే, పాత పెట్టె ఎంత తక్కువతో ఎంత తొందర పుట్టించిందో తెలుస్తుంది. కొత్తది బరువు, పాతది పరుగు. 1993లో వచ్చిన ‘ఎ స్లైట్ కేస్ ఆఫ్ ఓవర్‌బాంబింగ్’ సంకలనం 12 ట్రాకులు, కొత్తవి ముందు, పాతవి వెనక. పన్నెండు నుంచి ఒకటి వైపు వింటే 1984 నుంచి కాలక్రమం వస్తుంది.

ఆ తర్వాత రికార్డు కంపెనీతో చెడింది. ఒప్పందం వదిలించుకోవడానికి 1997లో ఎస్‌ఎస్‌వీ అనే పేరుతో ఒక టెక్నో రికార్డింగ్ అప్పజెప్పారు. అందులో డ్రమ్స్ లేవు. డాక్టర్‌ను పంపకుండా పని ముగించారన్నమాట. కంపెనీ దాన్ని విడుదల చేయలేదు. కొత్త పాటలు అప్పటినుంచీ వేదిక మీదే వినిపిస్తున్నాయి. కాబట్టి ‘కొత్త సిస్టర్స్ ఆల్బమ్’ అని ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే అది కచేరీలో దొంగచాటుగా రికార్డ్ చేసినదే అయి ఉంటుంది. అలాగే 1980 సింగిల్ అసలు ముద్రణ వెయ్యి కాపీలే కాబట్టి, తక్కువ ధరకు కొత్తగా మెరుస్తూ దొరికితే అనుమానించండి.

అధికారికంగా వచ్చిన వాటిలో చివరగా వెతకాల్సింది బీబీసీ సెషన్స్. 2021లో వెలువడింది, 1982 నుంచి 1984 వరకు జాన్ పీల్, కిడ్ జెన్సెన్ రేడియో కార్యక్రమాలకు చేసిన మూడు సెషన్లు. అందులో ‘గుడ్ థింగ్స్’ వాళ్ళ స్టూడియో రికార్డుల్లో ఎక్కడా లేదు. డాలీ పార్టన్ ‘జోలీన్’కు, హాట్ చాకొలేట్ ‘ఎమ్మా’కు వాళ్ళ రూపాలూ ఉన్నాయి. సెషన్‌కు దొరికేది తక్కువ సమయం, కాబట్టి పూతలు తక్కువ. పెట్టె, బేస్, రెండు గిటార్లు, గొంతు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో ఇక్కడ తేటగా వినిపిస్తుంది. పైన చెప్పిన కొలతలతో ఇంట్లో ఏదైనా కట్టుకున్నవాళ్ళు తమ మిక్స్‌ను పోల్చుకోవడానికి 1982 సెషన్‌లోని ‘ఫ్లోర్‌షో’ పెట్టుకోండి, వాల్యూమ్ రెండిటికీ సమానం చేశాక.